రెండు తాళాల తూము: ఎదుటివాళ్ల మాట

తూముకి రెండు తాళాలు. ఒకటి చేపలవాళ్లది, ఒకటి తోటలవాళ్లది. ఇద్దరూ కలిసి వచ్చి తీస్తే తప్ప చెరువులోంచి చుక్క నీరు కాలవలోకి దిగదు. తాతల నాడు రెండు పక్షాలూ తలలు పగలగొట్టుకుని, కట్లు కట్టించుకుని, ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని చేసుకున్న ఏర్పాటు అది. పోయిన వారం దాకా మన కథలో జరిగిన రభసంతా ఆ రెండు తాళాల చుట్టూనే తిరిగింది గనక, కొత్తగా చదివేవాళ్లు కంగారు పడక్కర్లేదు, పాతవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పడితే చాలు.

ఒకరోజు తెల్లారేసరికి తూము బార్లా తీసి ఉంది. తాళాలు పగలగొట్టలేదు. తాళంచెవులతో శుభ్రంగా తీసి, కొక్కేనికి తగిలించి ఉన్నాయి. నీళ్లు దిగిపోయి, ఒడ్డువార వలలు చుట్టి పెంచుతున్న చేపపిల్లలన్నీ బురదలో కొట్టుకుని కొట్టుకుని చచ్చాయి. తోటలవాళ్ల తాళంచెవి వాళ్ల పెద్ద దగ్గరుంటుంది. చేపలవాళ్లది రేవు పక్కన ఐసు గోదాం నడిపే ఐసమ్మ దగ్గరుంటుంది. ఆ తోటల పెద్ద ఐసమ్మకి సాక్షాత్తూ అక్క మొగుడు. లోకానికి ఇంకేం కావాలి? బావ అడిగాడు, మరదలు ఇచ్చింది అన్నారు. ఏడేళ్లుగా ఆమె గోదాంలో చేపలు దాచుకుంటున్న మనుషులే ఆమె మొహం మీద ఆ మాట అన్నారు. ఆ రోజు ఆమె ఒళ్లెరగని జ్వరంతో పడి ఉందని చెప్తే, జ్వరం కూడా బావే తెప్పించాడేమో అని నవ్వినవాళ్లూ ఉన్నారు.

ఈ గొడవ తేల్చడానికి నీళ్ల ఆఫీసు ఒక మధ్యవర్తిని పిలిపించింది. కళ్లజోడు పెట్టుకున్న బక్కపలచటి మనిషి, గొంతు పెంచి మాట్లాడదు. మూడు సమావేశాలయ్యాయి. మూడింట్లోనూ బెంచీలు విరిగాయే గాని గొడవ తెగలేదు. ఇవాళ నాలుగోది, ఆఖరిది. ఇవాళ రాజీ కుదరకపోతే రెండు తాళాలూ పీకేసి ఆఫీసు తాళం ఒక్కటే వేస్తారు. అప్పుడు చేపలవాళ్లూ తోటలవాళ్లూ కలిసి ఆఫీసు గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడాలి. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందంటే ఇదే. ఈ సంగతి రెండు పక్షాలకీ తెలుసు. తెలిసీ ఎవరూ తగ్గరు.

పంపుహౌసు పక్కన రేకుల షెడ్డులో సమావేశం. అటు తోటలవాళ్ల బెంచీలు, ఇటు చేపలవాళ్ల బెంచీలు, మధ్యలో ఎదురెదురుగా రెండు కుర్చీలు. గోడకి ఆనించిన బల్ల వెనక మధ్యవర్తి, ఆమె పక్కన నీళ్ల ఆఫీసు ఆఫీసరు. ఆఫీసరు పొద్దుటినుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఫ్యాను తిరుగుతోంది గాని గాలి రేకుల వేడిని కిందికి తోయడానికే పనికొస్తోంది.

ఒక కుర్చీలో బావ. ఎదురుగా ఐసమ్మ. ఐసమ్మ వెనక మొదటి బెంచీలో మేనమామ. చేపలవాళ్ల పెద్ద ఆయనే. అమ్మానాన్నా పోయిన ఈ అక్కచెల్లెళ్లిద్దర్నీ భుజాన మోసి పెంచింది ఆయనే. అక్కని తోటలవాళ్ల ఇంటికి ఇచ్చిననాడు కన్నీళ్లు పెట్టుకున్నదీ ఆయనే. ఇవాళ చిన్న మేనకోడలి వీపు వెనక కూర్చుని, ఆమె చేత తాళంచెవి సంగతి కక్కిస్తానని పదిమందితో చెప్పినదీ ఆయనే. ఐసమ్మకి అందరి మాటా ఒక ఎత్తు, మామయ్య మాట ఒక ఎత్తు. వీపు మీద ఎవరో నిప్పుల కుంపటి పెట్టినట్టే ఉంది ఆమెకి.

అక్క తోటలవాళ్ల ఆడవాళ్ల మధ్య చివరి బెంచీలో ఉంది. నోట్లో నాలుక లేని మనిషి. వారం నుంచి చెల్లెలి గుమ్మం తొక్కలేదు. ఇవాళ కూడా తల ఎత్తలేదు. జ్వరం వచ్చినప్పుడు రెండు రోజులు పక్కనే కూర్చుని తడిగుడ్డలు వేసిన అక్క, ఊరంతా దొంగ అంటుంటే ఒక్క మాట అడ్డం వేయకపోవడం ఐసమ్మకి అన్నిటికంటే ఎక్కువ మండుతోంది.

మధ్యవర్తి తన పద్ధతి మళ్లీ చెప్పింది. ఎవరి బాధ వాళ్లు చెప్పుకోవడం ఇక్కడ కుదరదు. ముందు ఎదుటివాళ్ల బాధ చెప్పాలి. అదీ 'వాళ్లు ఇలా అంటున్నారు' అని కాదు, ఎదుటివాళ్ల కుర్చీలో ఉన్నట్టు 'నేను' అని చెప్పాలి. ఎదుటివాళ్లు విని 'అవును, ఇది నా మాటే' అన్నాకే తన మాట చెప్పుకోవచ్చు. లేదంటే మళ్లీ మొదటినుంచి. గత మూడు సమావేశాల్లోనూ ఈ మెట్టు దగ్గరే అందరూ బోర్లా పడ్డారు. పగవాడి బాధ మన నోటితో చెప్పమంటే పాము చేత పాలు పిండించినట్టే అని ఒకాయన లేచి పోయాడు కూడా.

ముందు బావ మొదలుపెట్టాడు. మొదలుపెట్టడమే వెటకారం.

"నేను ఐసమ్మని. చెరువంతా మా తాతల ఆస్తి. చేప తప్ప లోకంలో ఇంకేదీ బతకక్కర్లేదు. తోటలు ఎండితే ఎండనీ, మాకేం?"

తోటలవాళ్ల బెంచీలు పగలబడి నవ్వాయి. మధ్యవర్తి ఐసమ్మని చూసి, ఇది మీ మాటేనా అని అడిగింది. కాదు అంది ఐసమ్మ. మళ్లీ చెప్పండి అంది మధ్యవర్తి బావతో.

రెండోసారి కోపంగా చెప్పాడు. మూడోసారి విసుగ్గా చెప్పాడు. రెండుసార్లూ ఐసమ్మ కాదనే అంది. ఆమెకీ అది చెలగాటంగానే ఉంది. బావ చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంటుంటే చూడ్డానికి కడుపు చల్లగా ఉంది. తోటలవాళ్లలో ఒకడు, ఆవిడ జన్మలో అవుననదు, పొద్దు పోవడానికి పిలిచారా అని అరిచాడు. చేపలవాళ్లలో ఇద్దరు లేచారు. మధ్యవర్తి వాళ్లని కూర్చోమనలేదు. వాళ్లంతట వాళ్లే కూర్చునేదాకా చూస్తూ ఊరుకుంది.

"బావగారూ, నిజంగా చెప్పండి" అంది ఐసమ్మ. "నా మాట మీకు తెలీదనుకోను."

ఇన్నేళ్లూ 'నువ్వు' అన్న మరదలు 'మీరు' అనేసరికి బావకి చెంప మీద కొట్టినట్టయింది. ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"నేను ఐసమ్మని. మా ఆయన పోయాక ఈ గోదాం ఒక్కటే నాకు మిగిలింది. చేప వస్తేనే ఐసు, ఐసు ఉంటేనే నేను. ఎండలు ముదిరితే తోటలవాళ్లు మోటార్లు పెట్టి చెరువు తోడేస్తారు. చేప గుడ్లు పెట్టేది ఒడ్డువార లోతు తక్కువ నీళ్లలో. ఆ నీళ్లే ముందు పోతాయి. ఇది వాళ్లకి చెప్తే నవ్వుతారు. మా బావైతే మరీ ఎక్కువ నవ్వుతాడు." అక్కడ మెడ మీది చెమట తుడుచుకున్నాడు. "ఇప్పుడు చేపపిల్లలు చచ్చిపోయాయి. నన్ను దొంగ అంటున్నారు. పరాయివాళ్లు కాదు, మావాళ్లే అంటున్నారు. నేను తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. మోటార్ల గొడవ అయిననాటినుంచీ పిండి డబ్బా అడుగున దాచుకుని కాపాడుకున్నాను. అయినా నా మాట నమ్మే దిక్కు లేదు."

 చేపలవాళ్లలో ఒక ముసలామె ముక్కు చీదింది. ఎంత పగైనా మనిషి నిజం మాట్లాడితే చెవికి తెలుస్తుంది.

ఐసమ్మ మాత్రం ఆ చివరి మాటల్లో ఒక్కదాని దగ్గర ఆగిపోయింది.

పిండి డబ్బా. తాళంచెవి ఎప్పుడూ గోదాం తలుపు పక్కన మేకుకే ఉండేది. చేపలవాళ్లు తోటలవాళ్ల మోటార్లు రెండు చెరువులోకి తోసేసిన రోజున, ఎందుకైనా మంచిదని తీసుకెళ్లి పిండి డబ్బాలో వేసింది. ఆ సంగతి మామయ్యకి చెప్పలేదు, తనవాళ్లెవరికీ చెప్పలేదు. ఆ డబ్బా మూత తీసిన మనిషి తను కాక ఇంకొక్కతే ఉంది. జ్వరంలో వచ్చి రెండు పూటలా వండి పెట్టిన మనిషి.

ఆమె చూపు తనకి తెలీకుండానే చివరి బెంచీ మీదికి పోయింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. బావ తను ఏమన్నాడో తనకే అప్పుడు తట్టినట్టుంది, తేలు కుట్టిన దొంగలా కదలకుండా కూర్చున్నాడు. మిగతావాళ్లెవరికీ ఏమీ అర్థం కాలేదు. పిండి డబ్బా అయితేనేం, ఉప్పు జాడీ అయితేనేం వాళ్లకి.

"ఇది మీ మాటేనా?" అని అడిగింది మధ్యవర్తి.

ఐసమ్మకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు నోరు విప్పితే తన మీద మచ్చ పోతుంది. కాని కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అక్క పేరు బయటికి వస్తే చేపలవాళ్లు ఊరుకోరు, బావ ఇంటి మీదికి పోతారు, రాజీ గంగపాలవుతుంది, ఆఫీసు తాళం పడుతుంది. నోరు మూసుకుంటే తను బతికినన్నాళ్లూ దొంగే. అక్క మీద ఆమెకి కోపం కాదు, అసహ్యం వేసింది. తడిగుడ్డ వేసిన చేత్తోనే తాళంచెవి తీసుకుపోయిందా? తను మూలుగుతుంటే?

"అవును" అంది. "ఇది నా మాటే."

బావ గట్టిగా ఊపిరి వదిలాడు. గండం గడిచిందనుకున్నాడు పాపం.

ఇప్పుడు ఐసమ్మ వంతు. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. తోటలవాళ్లు దెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లకి ఆ అవకాశం ఆమె ఇవ్వలేదు.

"నేను తోటల పెద్దని. మాకు చెరువు మీద సరదా లేదు. నారు పోసిన ఇరవై రోజులు నీళ్లు అందకపోతే ఆ ఏడంతా పోయినట్టే. తూము నీళ్లు చాలక మోటార్లు పెట్టాం. పెట్టే ముందు అడిగుండాల్సింది, అడగలేదు. అడిగితే చేపలవాళ్లు చులకన చేస్తారని భయం. వాళ్లు మా మోటార్లు నీళ్లలో తోసేశారు. తోసినవాళ్లలో మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లున్నారు. ఆ రోజునుంచీ నాకు అన్నం సయించడం లేదు."

వెనకనుంచి మామయ్య గొంతు ఖంగుమంది. "వాళ్ల వకాల్తా నీకెందుకే? తాళంచెవితో పాటు నాలిక కూడా అమ్ముకున్నావా?"

చేపలవాళ్ల బెంచీలు ఊగాయి. ఒకడు ఆమె పేరు పెట్టి బూతుమాటన్నాడు. ఐసమ్మ వెనక్కి తిరగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. మామయ్య తనని ఆ మాట అన్నాక ఇక దాచిపెట్టడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. బావ కళ్లలోకే చూస్తూ చెప్పింది.

"నా మాట ఇంకా అయిపోలేదు. నేను తోటల పెద్దని. తూము నేను తీయలేదని మూడు సమావేశాల్లో ఒట్టేసి చెప్పాను. అది నిజమే. కాని ఎవరు తీశారో నాకు తెలుసు. తెలిసీ, నా మరదల్ని పదిమందీ దొంగ అంటుంటే, ఎదురు కుర్చీలో కూర్చుని విన్నాను."

తోటలవాళ్లు ఒక్కసారిగా లేచారు. అబద్ధం అన్నారు, పన్నాగం అన్నారు, బయటికి నడవండి అని ఒకరినొకరు లాక్కున్నారు. చేపలవాళ్లు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. ఒక బెంచీ పడిపోయింది. ఎవరి చొక్కా ఎవరి చేతిలో ఉందో తెలీలేదు. ఆఫీసరు మాత్రం కాగితాలు సర్దుకుంటూ, ఇంక ఇది అయ్యే పని కాదని మధ్యవర్తి చెవిలో అన్నాడు. ఆమె విననట్టే బావకేసి తిరిగింది. ఆమె పెదాలు కదలడం చూసి, ఏమందో వినాలని అందరూ తగ్గారు.

"ఇది మీ మాటేనా?"

  అవునంటే బావ ఇల్లు కూలుతుంది. కాదంటే, ఆ కుర్చీలో మరదలు తన మొహంలోకే చూస్తోంది.  మొండిమనిషి, మోటార్లు పోయిన రోజు కూడా చలించని మనిషి, చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు.

"ఆయన్ని అడక్కండి."

ఎవరి గొంతో చాలామందికి తెలీలేదు. ఆ గొంతు వాళ్లు పదిమందిలో విన్నది లేదు. అక్క లేచి నిలబడింది. కొంగు నోటికి లేదు.

"తూము తీసింది నేను. రెండు తాళాలూ నేనే తీశాను. చెల్లెలి తాళంచెవి దానికి తెలీకుండా తెచ్చాను, ఆయనది ఆయనకి తెలీకుండా తెచ్చాను. మర్నాడు ఆయనకి చెప్పాను. ఎందుకు తీశావే అని కాళ్లా వేళ్లా పడ్డాడు. అది మాత్రం చెప్పలేదు."

"ఎందుకు తీశావక్కా?" ఐసమ్మ అడగలేదు, అరిచింది. "నీ తోటకి నీళ్లు తక్కువయ్యాయా? నన్ను చంపితే గాని నిండవా?"

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. వారం తర్వాత మొదటిసారి.

"దక్షిణం మలుపులో చెరువుకట్టకి గండి పెట్టారు చెల్లీ. నీకు జ్వరం తగ్గుముఖం పట్టిందని పెందరాళే, ఇంకా వెన్నెలుండగానే లేచి కట్ట మీదుగా ఇంటికి పోతున్నా. నీళ్లు చిమ్ముతున్నాయి. ఇంకాసేపుంటే కట్ట తెగేది. తెగితే కింద తోటలే కాదు, ఇళ్లున్నాయి. నా పిల్లలు నిద్రలో ఉన్నారు. చెరువు మట్టం దించడం తప్ప నాకు ఇంకో దారి తోచలేదు. వెనక్కి పరిగెత్తుకొచ్చి నీ డబ్బాలో చెయ్యి పెట్టా. నీళ్లు దిగాక బస్తాలు వేసి మూశాను. ముళ్లకంప కప్పి ఉంది, పోయి చూసుకోండి."

 కట్టకి గండి అంటే ఏమిటో ఆ షెడ్డులో ప్రతివాడికీ తెలుసు. మోటార్లు తోయడం, మాటలనుకోవడం వేరు. కట్ట జోలికి పోకూడదన్నది మాత్రం రెండు పక్షాలూ ఏనాడూ మీరని హద్దు. తోటలవాళ్లలో ఇద్దరు బయటికి పరిగెత్తారు, నిజమేమిటో చూడ్డానికి.  క్షణం కిందట ఐసమ్మకి అక్క మీద వేసిన అసహ్యం తన మీదికే తిరిగి వచ్చింది.

"గండి పెట్టిన మనిషిని చూశారా?" మధ్యవర్తి అడిగింది.

"చూశాను."

"ఎవరు?"

 అక్క తోటలవాళ్ల బెంచీలు దాటి, రెండు కుర్చీల మధ్య ఖాళీలోకి వచ్చి నిలబడింది. ఆమె కళ్లు చెల్లెలి భుజం మీదుగా వెనక్కి పోయాయి.

"నా చేత చెప్పించకండి మేడం. మా ఇద్దరికీ అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. పలుగు పట్టుకుంటే గుర్తుపట్టలేనా?"

ఐసమ్మ వెనక్కి తిరిగింది. చేపలవాళ్లందరూ తిరిగారు. మామయ్య పక్కన కూర్చున్నవాళ్లు కొద్దికొద్దిగా జరిగి బెంచీ మీద ఆయన్ని ఒంటరిని చేశారు. వారం రోజులు దొంగా దొంగా అని తనని తిట్టింది అసలు దొంగ అయిన మనిషే అని ఐసమ్మకి అప్పుడు అర్థమైంది. 

మామయ్య లేచాడు. పారిపోతాడేమోనని గుమ్మం దగ్గరవాళ్లు చేతులు చాపారు. ఆయన అటు చూడను కూడా లేదు. పెద్ద మేనకోడలి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఎంత కోపంగా ఉన్నాడో అంత సిగ్గుగానూ ఉన్నాడు. రెండూ ఆ మొహంలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఇది మీ మాటేనా?" అంది మధ్యవర్తి. 

"సగం" అన్నాడు మామయ్య. "పలుగు నాదే. తోటలు మునగాలనే తవ్వాను. ఇళ్లదాకా నీళ్లు రావని నమ్మాను. ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో, తవ్వాక చెరువు మొత్తం చేపలవాళ్లకే ఎలా రాసిస్తారో నాకు చెప్పి నమ్మించిన మనిషి ఇంకొకడున్నాడు. ఆ మిగతా సగం మీ పక్క కుర్చీలో కూర్చున్నాయన్ని అడగండి మేడం."

పొద్దుటినుంచీ ఒకరినొకరు నమిలి మింగేసేలా చూసుకున్న రెండు బెంచీల జనమూ ఒకే మనిషి వైపు తిరిగారు. తోటలవాళ్లు ఒక పక్కనుంచి, చేపలవాళ్లు ఇంకో పక్కనుంచి బల్ల దగ్గరికి వచ్చారు. బావ భుజం ఐసమ్మ భుజానికి తగిలింది. ఇద్దరూ జరగలేదు.

ఆఫీసరు నవ్వబోయాడు. నాలుక పిడచగట్టుకుపోయినట్టుంది, మంచినీళ్లు కావాలని అడిగాడు. తేవడానికి ఎవరూ కదల్లేదు.